బాంబుల నడుమ మేకల పడవ

మా ఊరి నుంచి సముద్రం ఎంతో దూరం కాదు. కోవిల్‌పట్టిలో బస్సెక్కి ఒక కునుకు తీస్తే తూత్తుక్కుడి వస్తుంది. అయినా పెళ్ళయ్యేదాకా నేను సముద్రం చూడలేదు. చూడాల్సిన పని పడలేదు. మాది ఎట్టయాపురం దారిలో నల్లరేగడి పల్లె. వాన పడితే కాలు దిగబడుతుంది, పడకపోతే నేల నోరు తెరుస్తుంది. పత్తి, సజ్జ, మినుము, ఇంటికి నాలుగు మేకలు. నీళ్ళంటే బావి అడుగున కనిపించేవే నీళ్ళు.

మొదట నేను కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేశాను. పుల్లలకు మందు అంటించే చోట. ఆ వాసనకి నాకు ఆయాసం పట్టుకుంది. డాక్టరు గాలి మార్చమన్నాడు. ఆయన ఉద్దేశం వేరే గదికి మారమని అయి ఉంటుంది. మా అక్క మొగుడు ఉప్పు లారీ నడుపుతాడు. ఆయన మాత్రం "గాలిదా కావాల్సింది? కడలు మీద కావలసినంత ఉంది, రా" అని నన్ను తూత్తుక్కుడికి తీసుకుపోయాడు. మా ఇంటి తెలుగులో మాట చివర 'దా' తగిలిస్తే 'అదే, ఇంకోటి కాదు' అని అర్థం. అక్కడ సరుకు పడవలో వంటవాడు కావలసి వచ్చాడు. నేను పెళ్ళిళ్ళ సీజన్లో వంటవాళ్ళతో తిరిగినవాణ్ణి. పెళ్ళివారందరికీ సాంబారు కాచినవాణ్ణి, పడవలో గుప్పెడు మందికి కాచలేనా అనుకున్నాను. పడవ ఊగుతుందన్న సంగతి తట్టలేదు.

నా భార్య వినగానే నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"బావిలోకి తొంగి చూస్తే తల తిరిగేటోడివి, కడలు మీదికి పోతావా? నీకేమన్నా పైత్యమా?"

"ఒక తూరి పోయి చూస్తా. సరిపడకపోతే దిగి వచ్చేస్తా."

"అదేమన్నా బస్సా, నడుమలో దిగడానికి?"

ఆమె మాటే నిజమైంది. దిగడానికి లేకపోవడం వల్లే అలవాటు పడ్డాను. మొదట మాల్దీవులకి ఉల్లిపాయలు, ఇటుకలు మోసే పడవలు. ఆ తరవాత అరబ్బు దేశాల వైపు తిరిగే పెద్ద చెక్కపడవ. దాని కెప్టెన్ కచ్ నుంచి వచ్చిన పెద్దమనిషి. హిందీలో తక్కువ మాట్లాడతాడు, గుజరాతీలో ఎక్కువ ప్రార్థన చేస్తాడు.

ఆ పడవ ఎక్కిన రోజున కింద ఇంజను గదిలోంచి ఒక తిట్టు వినిపించింది.

"ఓసి నీ పాడె కట్ట! పొద్దన్నుంచి బతిమాలతా ఉంటే దగ్గతావేమే!"

నా చేతిలో గిన్నె అలాగే ఆగిపోయింది. ఆ తిట్టు మా అవ్వ నోట తప్ప ఎక్కడా విన్నది కాదు. మెట్ల మీంచి వంగి చూశాను. నూనె మరకల బనీనుతో ఒక బట్టతలాయన ఇంజను ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"మీరు తెలుగోళ్ళా?" అన్నాను.

ఆయన తల ఎత్తి నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. "ఏ ఊరు?"

"కోవిల్‌పట్టి పక్క."

"విరుదునగర్ పక్క నేను. అయితే ఇంక నన్ను మామా అను. బువ్వలో కారం తగ్గించు. ముందు పోయినోడు నా కడుపు కాల్చిపెట్టె."

అలా ఆయన మామ, నేను అల్లుడు. ఊళ్ళో వీధిలోకి వెళ్ళగానే తమిళంలోకి మారిపోయే మేము, ఆ పడవ మీద రోజంతా మా ఇంటి మాటలే మాట్లాడుకున్నాం.

ఆ ఏడాది మా సరుకు మేకలు. ఆఫ్రికా ఒడ్డున నల్లతలల గొర్రెలను, మేకలను ఎక్కించుకుని ఎర్రసముద్రం అవతలి రేవులో దింపేవాళ్ళం. కోవిల్‌పట్టి నుంచి పారిపోయి వచ్చి మళ్ళీ మేకల మధ్యే పడ్డానని నా భార్యకి ఫోన్లో చెబితే ఆమె నవ్వు ఆపుకోలేక ఫోను మా అమ్మకిచ్చింది. మా అమ్మ మాత్రం సీరియస్‌గా, "వాటికి ఉప్పు పెడతా ఉండారా?" అని అడిగింది. చుట్టూ ఉన్నదంతా ఉప్పేనమ్మా అన్నాను.

మేం సరుకు దింపే ఆ రేవులో ముసలి మేకల వ్యాపారి ఒకాయన ఉండేవాడు. పొట్టిగా, గోరింటాకు పెట్టిన ఎర్రగడ్డంతో. ఎన్నో ఏళ్ళుగా మనవాళ్ళ పడవలతో బేరాలు చేసి హిందీ నేర్చుకున్నాడు. పడవ కట్టగానే ఎక్కి వచ్చి, ప్రతి మేక పెదవి ఎత్తి పళ్ళు చూసి, చివరికి నా వంటగది ముందు కూర్చుని టీ అడిగేవాడు. నా టీలో పంచదార చాలదని ప్రతిసారీ ఒకే ఫిర్యాదు.

ఆ ఉదయం కూడా అలాగే జరిగింది. సగం మేకలు గట్టు మీదికి దిగాయి, సగం ఇంకా పడవలో ఉన్నాయి. ఎండ ఇంకా ముదరలేదు. నేను వడలకి పప్పు రుబ్బుకుని నూనె కాగబెడుతున్నాను. వ్యాపారి గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. మామ ఇంజను గది తలుపు దగ్గర బీడీ కాలుస్తున్నాడు.

దూరంగా ఢాం అని వినిపించింది. పడవ చెక్కలు ఒక్కసారి జలదరించాయి.

మామ తలైనా తిప్పలేదు. "ఎవరిదో పెండ్లి. వేట్లు వేస్తాండారు," అన్నాడు.

మా వైపు వాళ్ళం అలాంటివాళ్ళం. ఊరూరా టపాకాయలు చుట్టే విరుదునగర్ వైపు పుట్టినవాడికి పేలుడంటే ముందు టపాకాయే గుర్తుకొస్తుంది. నేనూ ఊరేగింపు ఎక్కడుందా అని గట్టు వైపు చూశాను. గట్టు మీద జనం ఊరేగింపులో లేరు. పరుగెత్తుతున్నారు. రేవు అవతలి కొసన ఉన్న చమురు ట్యాంకుల మీద నల్లటి పొగ నిటారుగా లేస్తోంది. అప్పుడు వినిపించింది విమానాల శబ్దం. తలపైన కాదు, ఎక్కడినుంచో చెప్పలేని చోటినుంచి, ఆకాశం మొత్తాన్ని ఎవరో చింపుతున్నట్టు.

వ్యాపారి గ్లాసు కింద పెట్టాడు. "టీ కాదు ఇప్పుడు," అన్నాడు హిందీలో.

కెప్టెన్ పైనుంచి అరిచాడు. తాళ్ళు విప్పే టైము లేదు, నరకండి అని. గొడ్డళ్ళు పడ్డాయి. అప్పుడు నేను నా జన్మలో చూడని వింత ఒకటి చూశాను. గట్టు మీదికి దిగిన మేకలు, పొద్దున దిగమంటే మొరాయించినవి, ఇప్పుడు ఒకదాని వెనక ఒకటి ఎగిరి పడవలోకి దూకడం మొదలుపెట్టాయి. ఎవరూ పిలవలేదు. తోలడానికి పెట్టిన పలక మీంచి కొన్ని, నేరుగా గట్టు మీంచి కొన్ని. ఒకటి సరాసరి నా వంటగదిలోకి వచ్చి రుబ్బిన పప్పులో కాలు పెట్టింది.

వ్యాపారి దిగిపోవాలని అంచు దాకా వెళ్ళాడు. అప్పటికే గట్టుకీ పడవకీ మధ్య నీళ్ళు కనిపిస్తున్నాయి. "నా ఇల్లు!" అన్నాడు. ఇల్లు రేవుకి దూరంగా కొండ వైపు ఉందని నాకు తెలుసు. ఆయన చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాను.

ఇంజను లేవలేదు.

కింద మామ దాన్ని బతిమాలుతున్నాడు. అంతకుముందు ఎప్పుడూ దాన్ని తిట్టడమే విన్నాను గాని, ఆ రోజు గొంతు వేరుగా ఉంది. "అమ్మా, తల్లీ, ఈ ఒక్క తూరి లేమ్మా. ఊరికి పోతానే నీకు కొత్త బెల్టు తెస్తా. నా పెండ్లాం మీద ఆన." రెండో పేలుడు. రేవులో క్రేను ఒకటి మోకాళ్ళ మీద కూలబడిన మనిషిలా వంగిపోయింది. నీళ్ళు పెద్ద అలలా లేచి మా పడవని పక్కకి తోశాయి. ఆ కుదుపుకే మేలుకుందో, మామ మాటకే కరిగిందో, ఇంజను దగ్గి, దగ్గి, అందుకుంది.

బయటికి పోతున్నంతసేపూ నేను వెనక్కే చూస్తున్నాను. సముద్రం మీంచి చూస్తే అది చాలా విచిత్రంగా ఉంటుంది. ముందు ఒక మెరుపు. పొగ పువ్వులా విచ్చుకుంటుంది. చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దంలో ఒక ఊపిరి తీసుకునే టైముంటుంది. అప్పుడు వస్తుంది చప్పుడు, చెవులకి కాదు, కాళ్ళకి. పడవ అడుగు చెక్కల్లోంచి అరికాళ్ళలోకి ఎక్కుతుంది. విమానాలు ఎండలో వెండి పిన్నీసుల్లా రెండుసార్లు కనిపించాయి. ఎవరివో, ఎవరి మీద కోపంతో వచ్చాయో ఆ క్షణంలో మాకు తెలియదు. మాకు తెలిసిందల్లా రేవు గేటు దగ్గర టీకొట్టు నడిపే మనిషి, సరుకు రాసుకునే గుమాస్తా, పొద్దున మేకలు దింపిన కూలీలు అక్కడే ఉన్నారని.

ఇంకొకటి గుర్తుంది. మేకలు అరవడం మానేశాయి. పడవ నిండా మేకలున్నా ఒక్క చప్పుడు లేదు. అన్నీ ఒకే వైపు తిరిగి, పొగని చూస్తూ నిలబడ్డాయి. నాకు అన్నిటికంటే భయం వేసింది అప్పుడే.

భయంలో మనిషికి ఏం తోస్తుందో చెప్పలేం. నాకు పొయ్యి మీద నూనె గుర్తొచ్చింది. పరుగెత్తి వెళ్ళి మంట ఆర్పి, ఆ మూకుడు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. పడవ మునిగినా ఆ మూకుడితోనే మునిగేవాణ్ణి.

రేవు దాటాక ఇంకో చిక్కు వచ్చింది. కెప్టెన్ ముందు దారి చూపే తెర ఉంటుంది. ఆ తెర ప్రకారం మా పడవ సముద్రంలో లేదు. ఎడారి మధ్య ఒక విమానాశ్రయంలో ఉంది. యుద్ధం జరిగేచోట ఆ తెరకి వచ్చే ఉపగ్రహాల సిగ్నల్‌ని చెడగొడతారట. మామ పైకొచ్చి దాన్ని చూశాడు, వెనకే నేనూ.

"సరిపోయె! విమానాలకి దూరంగా పోతా ఉండామనుకుంటే, ఇది మనల్ని వాటి ఇంటికే తెచ్చె," అంటూ రేడియో మీద మోచెయ్యి ఆనించి తెరని దులపరించసాగాడు. ఆయన మోచేతి కింద రేడియో బటన్ నొక్కుకుపోయిన సంగతి ఎవరూ చూడలేదు. "దీని మొగం మండ! దీన్ని చేసినోడి మొగం మండ! కడలు ఇంత లావున కనపడతా ఉంటే ఎడారి అంటుందేమి రా!"

మోచెయ్యి తీశాడు. రేడియో గరగరలాడింది. ఆపై తెలుగు.

"హలో! ఎవరండీ బాబూ తెలుగులో అలా తిడుతున్నారు?"

మేం ముగ్గురం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నాం. తెలుగు రాని కెప్టెన్ కూడా చూశాడు. మామ రేడియోకి దణ్ణం పెట్టినంత పనిచేసి, "అయ్యా, మేము మేకల పడవ," అన్నాడు.

"ఏ పడవండీ?"

"మేకలు! మేకల పడవ!"

అంతవరకూ మూగగా ఉన్న మేకల్లో ఒకటి అప్పుడే గొంతు విప్పింది. రేడియో అవతల ఎవరో నవ్వారు. "ఆయ్, అర్థమైందండి. నాది కాకినాడ. పెద్ద ఓడలో సెకండాఫీసర్ని. మీ ఎడం పక్క నీలం ఓడ కనపడుతోందా? అది మేమే. ఉత్తరానికి మాత్రం వెళ్ళకండి, అటు యుద్ధనౌకలున్నాయి. మా వెనకాల నీడలోకి వచ్చి లంగరు వేసుకోండి. మీరు సరుకు పడవేనని నేను అందరికీ చెబుతాను."

నేను ఆ మాటల్ని హిందీలోకి మార్చి కెప్టెన్‌కి చెప్పాను. కెప్టెన్ చక్రం తిప్పాడు. ఆ తెర మమ్మల్ని విమానాశ్రయం గేటు దాటించి ఇంకేదో వీధిలోకి తీసుకుపోయింది. మేం కంటితో నీలం ఓడని చూసుకుంటూ దాని నీడలోకి చేరాం.

దాడి మధ్యాహ్నానికి ఆగింది. రేవులోకి తిరిగి రానివ్వడానికి మాత్రం రోజులు పట్టింది. అంతవరకూ మేం ఆ ఓడ వెనకాలే ఉన్నాం. పడవకి సరిపడా నీళ్ళు లేకపోతే కాకినాడ ఆయన వాళ్ళ కెప్టెన్‌ని ఒప్పించి పైనుంచి గొట్టం దింపించాడు. మేకలు ఆ నీళ్ళ కింద తోసుకున్నాయి. మేమూ వాటితో పాటే నిలబడి తడిశాం.

మా ముసలి వ్యాపారికి ఆ సాయంత్రం ఫోను కలిసింది. భార్య, కోడళ్ళు, అందరూ కొండ వైపే క్షేమంగా ఉన్నారు. ఫోను పెట్టేసి ఆయన చాలాసేపు మేకల మధ్య కూర్చుని మొహం దాచుకున్నాడు. లేచి వచ్చేసరికి కొత్త మనిషి. నా వంటగదిలోకి జొరబడి, పాలిచ్చే మేకలు ఏవో వెతికి, పాలు పితికి, వాటితో తనే టీ పెట్టాడు. గ్లాసులో సగం పంచదార. మామ ఒక గుక్క తాగి, "ఇది టీ కాదు అల్లుడా, పాయసం," అన్నాడు. అయినా ఇంకో గ్లాసు అడిగాడు.

నాకూ సిగ్నల్ దొరికింది. నా భార్య మొదటి మోతకే ఎత్తింది.

"టీవీలో చూపిస్తాండారు. అంతా పొగదా. యాడుండావు?"

"దూరంగా వచ్చేసినాం. ఏమీ కాలేదు."

"ఆన పెట్టి చెప్పు."

"నీ ఆన."

"నా మీద ఎందుకు, నీ మీద పెట్టుకో!" అని ఒక్కసారి ఏడుపు, నవ్వు కలిసి వచ్చాయి ఆమెకి. ఆ వెంటనే అడిగింది. "బువ్వ తింటివా?"

"వడలు వేద్దామనుకుంటిని. మేక పప్పు తొక్కె."

పక్కనుంచి మా అమ్మ గొంతు వినిపించింది. "మేకకి దెబ్బ తగల్లేదు కదా, అడుగు!"

మర్నాడు పెద్ద ఓడ మీంచి తాడుకి కట్టిన సంచీ ఒకటి దిగింది. అందులో గోంగూర పచ్చడి సీసా. బదులుగా ఏం పంపాలా అని చూస్తే నా పెట్టెలో శెనక్కాయలు బెల్లంపాకంలో కలిపి చేసే కోవిల్‌పట్టి కడలమిఠాయి పాకెట్లు ఉన్నాయి. ఊరు దాటేటప్పుడు అవి లేకుండా మా వాళ్ళెవరూ కదలరు. అవి, ఒక సీసాడు మేకపాలు కట్టి పైకి పంపాను. కాసేపటికి రేడియో పలికింది.

"పల్లీపట్టీ అద్భుతమండీ!"

"అది శెనక్కాయ మిఠాయి సార్," అన్నాను.

"పల్లీలంటే అవేనండీ."

మామ రేడియో లాక్కున్నాడు. "పల్లి అంటే మాకు బల్లి. గోడ మీద పాకేది. మిఠాయి తింటా దాని పేరు ఎందుకు ఎత్తుతారు?"

కాకినాడ ఆయన ఎంత నవ్వాడంటే బటన్ వదలడం మర్చిపోయాడు. అప్పట్నుంచి రోజూ సాయంత్రం డ్యూటీ అయ్యాక మా మాటలు వినడానికి, ఖాళీగా ఉన్న చానెల్లో పిలిచేవాడు. మీ తెలుగు మా తాతమ్మ మాట్లాడినట్టుంది అనేవాడు. మాకు ఆ తెలుగు చదవడం, రాయడం రాదని తెలిసి ముందు నమ్మలేదు. తరవాత ఫోన్లో రోజుకి కొన్ని అక్షరాలు రాసి పంపడం మొదలుపెట్టాడు. 'అ' రాయడం నేను బాంబులు పడిన రేవు ఎదుట, పిండి చల్లిన వంటబల్ల మీద వేలితో నేర్చుకున్నాను. మామ 'ఈ' దగ్గర ఆగిపోయాడు. ఆ అక్షరం ఆకారమే తనకి నచ్చలేదట.

రేవులోకి వెళ్ళినప్పుడు నవ్వు ఆగింది. ట్యాంకుల చోట నల్లటి గుంటలు. గుమాస్తా లేడు. ఆ రోజు పొద్దున మేకలు దింపిన కూలీల్లో ఇద్దరు లేరు. టీకొట్టు రేకు ఎగిరిపోయింది. టీకొట్టు మనిషి మాత్రం మెడకి గుడ్డ కట్టి అందులో చెయ్యి వేలాడేసుకుని, ఇంకో చేత్తో టీ పోస్తున్నాడు. మా కెప్టెన్ పోయినవాళ్ళ పేర్లు అడిగి తెలుసుకుని, గట్టు మీద మోకరిల్లి చాలాసేపు ప్రార్థన చేశాడు. మేం వెనకాల నిలబడ్డాం. మేకలు ఈసారి మొరాయించకుండా దిగాయి.

ముసలాయన మమ్మల్ని వదల్లేదు. కెప్టెన్ నుంచి నా దాకా అందరినీ ట్రక్కెక్కించి ఇంటికి తీసుకుపోయాడు. పెద్ద పళ్ళెంలో అన్నం, మాంసం. తినేవాళ్ళ ఎదుట ఆయన జరిగినదంతా కథలా చెప్పాడు. అరబ్బీ మాకు రాకపోయినా ఎక్కడేముందో తెలుస్తూనే ఉంది, ఎందుకంటే మేకలు దూకడం, మామ తిట్టడం, నేను మూకుడు పట్టుకుని నిలబడడం, అన్నీ ఆయన చేసి చూపించాడు. తలుపు చాటునుంచి ఆయన భార్య నవ్వు వినిపించింది. మూకుడు దగ్గర మరీ ఎక్కువ నవ్వింది.

ఆ ఏడాది సెలవుల్లో కాకినాడ ఆయన భార్యతో కలిసి కన్యాకుమారి చూడ్డానికి వస్తూ కోవిల్‌పట్టిలో రైలు దిగాడు. గొంతు వినడమే తప్ప మనిషిని చూడడం అదే మొదటిసారి. పొడుగ్గా, గడ్డంతో ఉంటాడనుకున్నాను. నాకంటే పొట్టి, కళ్ళజోడు. మామ విరుదునగర్ నుంచి నూనె పరోటాలు పొట్లం కట్టించుకుని వచ్చాడు. ఇంట్లో మా అమ్మ సజ్జసంగటి చేసి, విస్తరి వేసి, "రా నాయినా, కూడు తిను," అంది.

ఆయన ఒక్క క్షణం బిత్తరపోయాడు. వాళ్ళ వైపు కూడంటే కోపంలో అనే మాటట. మా అమ్మకి అది తెలియదు. రెండోసారి ఇంకా ప్రేమగా అంది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని కూర్చుని తిన్నాడు. తింటూ ఏదేదో అడిగాడు, ఈ పిండి ఎలా విసురుతారు, ఈ గిన్నెని ఏమంటారు అని. మా అమ్మ అన్నిటికీ తలూపి జవాబు చెప్పింది. వంటింట్లోకి వచ్చి నా భార్యతో గుసగుసగా అంది:

"బిడ్డ మంచోడే పాపం. తెలుగుదా సరిగ్గా రాదు."

గుసగుస అంటే మా అమ్మకి ఒక లెక్క ఉంది. వీధి చివరిదాకా వినిపిస్తే అది గుసగుస. బయట కాకినాడ ఆయనకి పొలమారింది. ఆయన భార్య వీపు తడుతూ తనూ నవ్వుతోంది. మామ పరోటా ముక్క నోట్లో పెట్టుకుని, "వదినా, ఈయన మాకు అక్షరాలు నేర్పె, ఈయనకి రోజుకి నాలుగు మాటలు నువ్వు నేర్పించు," అన్నాడు. మా అమ్మ దాన్ని నిజమనుకుని, చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుంటూ వచ్చి ఆయన ఎదుట కూర్చుంది.